చుర్కల బాలనర్సమ్మ

దేవరకొండ నుంచి పడమటికి పోయే మట్టిరోడ్డు మీద ఐదారు మైళ్లు నడిస్తే ఆముదపు చేల మధ్య నలభై గడపల పల్లె ఒకటి వస్తుంది. ఆ పల్లెలోనూ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలోనూ ఏ పిల్లవాడి చొక్కా ఎత్తి చూసినా బొడ్డు చుట్టూ, డొక్కల మీద శనగగింజంత మచ్చలు కనిపించేవి. అవి బాలనర్సమ్మ పెట్టిన చుర్కలు. పసుపు కొమ్మును ఆముదం దీపంలో ఎర్రగా కాల్చి, ఏడ్చే బిడ్డ ఒంటికి ఇలా తాకించి అలా తీసేయడాన్ని అక్కడ చుర్క పెట్టడం అంటారు. బిడ్డ పాలు కక్కితే ఒక చుర్క, మెలికలు తిరిగితే రెండు, డొక్కలు ఎగరేస్తే నాలుగు.

బాలనర్సమ్మ కూలి మనిషి. మొగుడు పోయి పదేళ్లు. ఆమె గొంతు లేస్తే రెండు చేల అవతల కలుపు తీసేవాళ్లు తలెత్తి చూడాల్సిందే. చుర్క విద్య అత్త దగ్గర నేర్చుకుంది. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు, తమలపాకు ఇచ్చినా వద్దనేది. డాక్టర్లంటే ఆమెకు చిన్నచూపు. "సూదిమందు కుచ్చి పంపుతరు, వాళ్లకేం ఎరుక? నా చెయ్యి పడ్డంక ఏడ్పు బందు గాని పిల్ల లేదు" అని నలుగురిలో అనేది.

ఏడుపు ఆగే మాట నిజమే. కాలిన బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంటుంది కదా! కొందరు పిల్లలు చుర్క పెట్టిన వారానికో, నెలకో చనిపోయేవారు. పోయినవాళ్ల మచ్చలు ఎవరికి కనిపిస్తాయి? బతికి బట్టకట్టిన వాళ్లే మచ్చలతో వీధుల్లో తిరుగుతూ ఆమె పేరు నిలబెట్టేవారు. ఈ లెక్కలోని తిరకాసు ఊళ్లో ఎవరికీ తట్టలేదు. ఆమెకైతే అసలే తట్టలేదు, 1997 దాకా.

ఆ ఏడు ఆమె కూతురు రామమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఊరి దేవత పేరు పెట్టుకున్నారు, ఈదమ్మ అని. రెండు నెలలు పిల్ల బాగానే ఉంది. మూడో నెల వచ్చేసరికి పాల దగ్గర పేచీ మొదలైంది. ఆకలితో రొమ్ము అందుకునేది, నాలుగు గుక్కలు తాగేది, ఉన్నట్టుండి వదిలేసి కీచుమని అరిచేది. ముఖం బూడిద రంగు తిరిగేది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టేది.

"అమ్మా, చలికాలంల గింత చెమటేందే? నాకు బుగులైతాంది" అంది రామమ్మ.

"కడుపుల మెలివెడుతున్నట్టుంది. డొక్కలు గూడ ఎగరేస్తాంది. నేనుండంగ నీకు ఫికరెందుకు?" అంది బాలనర్సమ్మ.

మర్నాడు పొద్దున్నే దీపం వెలిగించింది. ఎడమ రొమ్ము కింద రెండు చుర్కలు, రొమ్ము గుంటలో ఒకటి, కుడి డొక్కలో ఒకటి పెట్టింది. పిల్ల ఏడ్చిన ఏడుపుకు రామమ్మ చెవులు మూసుకుని దొడ్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి పిల్ల నిద్రపోయింది. "చూసినవా?" అంది బాలనర్సమ్మ, చెయ్యి తుడుచుకుంటూ.

సాయంత్రం పాలకు లేపితే మళ్లీ అదే అరుపు, అదే చెమట. ఇదివరకు ఆమె ఎందరి పిల్లలకు చుర్కలు పెట్టినా వాళ్లు బిడ్డను ఎత్తుకుని తమ ఊరు వెళ్లిపోయేవారు. తర్వాత ఏమైందో ఆమె కళ్లతో చూడాల్సిన పని ఉండేది కాదు. ఈ పిల్ల ఎక్కడికీ పోలేదు, ఆమె ఇంట్లోనే ఉంది. నీళ్లు పోయడానికి కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పండబెట్టుకుని ఛాతీ మీద చెయ్యి వేస్తే, అరచేతి కింద గుండె పరుగులు తీస్తోంది. గుప్పిట్లో కోడిపిల్లను పట్టుకున్నట్టుంది. ఆ పొద్దు మొదటిసారి బాలనర్సమ్మకు తన చేతి మీద అనుమానం వచ్చింది. 

అల్లుడు గుర్వయ్య నల్గొండలో బియ్యం మిల్లులో పనిచేస్తాడు. కబురు అందగానే వచ్చాడు. పిల్ల ఒంటి మీద పుండ్లు చూశాడు, అత్త ముఖం చూశాడు. తల్లీపిల్లలను బస్సెక్కించాడు. పిలవకపోయినా బాలనర్సమ్మ కూడా ఎక్కి వెనక సీట్లో కూర్చుంది.

నల్గొండలో పిల్లల డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించాడు. దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "గుండె వాచి ఛాతీలో సగం ఆక్రమించింది. ఎందుకు వాచిందో ఈ ఫొటోలో తెలియదు. ఆదివారం ఇక్కడి బడిలో శిబిరం పెడుతున్నారు, హైదరాబాదు నుంచి పిల్లల గుండె డాక్టరు మిషన్ తెస్తున్నారు. అప్పటిదాకా ఒక్కటే చెప్తున్నా, పిల్లను ఏడవనీయకండి. ఏడిస్తే ఆ గుండె తట్టుకోలేదు" అన్నాడు.

అది శుక్రవారం. గుర్వయ్య అద్దెకుంటున్న ఒంటి గదిలో ముగ్గురు పెద్దవాళ్లు రెండు రోజులు ఊపిరి బిగబట్టి బతికారు. తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడ్డారు. పాలు పట్టాలంటే భయం, పట్టకపోతే ఆకలికి ఏడుస్తుందని భయం. రామమ్మ చెంచాతో కొద్దికొద్దిగా పోసింది. పిల్ల పెదవి వంకర పెట్టినప్పుడల్లా బాలనర్సమ్మ వంగి చూసేది. పెద్ద గొంతు మనిషి ఆ రెండు రోజులూ గుసగుసలే మాట్లాడింది. పిల్ల ఒంటి పుండ్లకు గుడ్డ రాసుకుంటే చాలు, ఉలిక్కిపడి ఏడవబోయేది. ఆ గుడ్డ తొలగించి పట్టుకుని కూర్చునే పని కూడా ఆమెదే అయింది.

ఆదివారం బడి నిండా జనం. ఒక తరగతి గది కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. లోపల టీవీ లాంటి పెట్టె, దానికి వైరుతో ఒక చిన్న గొట్టం. ఆ గొట్టానికి జిగురు రాసి ఛాతీ మీద ఆనిస్తే లోపలి గుండె తెర మీద కదులుతూ కనిపిస్తుందని, కోతా సూదీ ఉండవని బయట కూర్చున్న వాళ్లు చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నం రెండింటికి ఊళ్లో కరెంటు తీసేస్తారు. ఆలోపు అందరినీ చూసేయాలని నర్సు షరీఫా వాకిట్లో నిలబడి తొందరపెడుతోంది.

వీళ్ల వంతు వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. డాక్టరు నూరుద్దీన్ నలభై దాటిన మనిషి, కళ్లద్దాలు, మెత్తటి మాట. పిల్ల బట్ట విప్పగానే ఆ మెత్తదనం పోయింది.

"ఎవరు చేసింది ఈ పని?"

రామమ్మ నేల చూసింది. గుర్వయ్య గోడ చూశాడు. అబద్ధమాడితే ఆ క్షణం గడిచిపోయేదే. బాలనర్సమ్మ ముందుకు వచ్చింది.

"నేనే పెట్టిన సారు. నేను దీని అమ్మమ్మను."

డాక్టరు గొట్టం ఆనించాడు. సరిగ్గా ఎడమ రొమ్ము కిందే ఆనించాలి. పుండు మీద ఒత్తిడి పడేసరికి పిల్ల గిలగిల్లాడి కేక పెట్టింది. తెర మీది బొమ్మ చెదిరిపోయింది. రొమ్ము గుంటలో పెట్టాడు, అక్కడా పుండే. పిల్ల నీలం తిరిగింది. చెమట కారింది. డాక్టరు చటుక్కున గొట్టం తీసేసి పిల్లను తల్లి భుజానికెత్తాడు. రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో గానీ, బాలనర్సమ్మకు ఆ కాసేపట్లో జీవితమంతా గడిచినట్టయింది. పిల్ల చచ్చిపోతే తన చేతుల్లోనే చచ్చిపోయినట్టు. అది ఆమెకు అప్పుడే స్పష్టంగా తెలిసింది.

"కూర్చోండి, చెప్తాను" అన్నాడు డాక్టరు. "గుండె బాగా వాచింది, నీరసంగా కొట్టుకుంటాంది. అంతవరకు కనబడ్డది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. గుండె కండే చెడిపోతే మందులిచ్చి చూడటమే తప్ప చేసేది పెద్దగా లేదు. అట్ల కాకుండా, గుండెకు రక్తం తెచ్చే సన్నని నాళం పుట్టుకతోనే వేరే చోటికి అతుక్కొని ఉంటే, ఆపరేషన్ చేసి సరిచేయొచ్చు. ఆ నాళం గుండుసూదంత ఉంటది. అది ఎక్కడ మొదలైందో నేను చూడాలె. పిల్ల ఏడుస్తుంటే కనబడదు. నిద్రమందు ఇద్దామంటే ఈ గుండెతో నాకే భయం."

"మరెట్ల సారు?" అన్నాడు గుర్వయ్య.

"తనంతట తాను నిద్రపోవాలె. పోతే తీసుకరాండి. కరెంటు పోయేలోపు."

వరండాలో ఒక మూల రామమ్మ పిల్లను జోకొట్టింది. పిల్ల నిద్రపోలేదు. ఒడిలో గుడ్డలు పుండ్లకు తగులుతున్నాయి, మెలికలు తిరుగుతోంది. రామమ్మ కళ్లనీళ్లు పిల్ల ముఖం మీద పడుతున్నాయి. ఒంటిగంటన్నర అయింది. బాలనర్సమ్మ ఎదురుగా నిలబడింది, కానీ చెయ్యి చాపే ధైర్యం లేదు. చివరికి తలుపు వైపు చూస్తూ అడిగింది.

"బిడ్డా, నాకియ్యి. నా మీద నీకెంత కోపమున్నా సరే, గిప్పటికి నాకియ్యి."

రామమ్మ తల్లి కళ్లలోకి ఒకసారి చూసి పిల్లను అందించింది.

బాలనర్సమ్మ నేల మీద కూర్చుని, గోడకు ఆనుకుని, రెండు కాళ్లూ చాపింది. నీళ్లు పోసేటప్పుడు పండబెట్టుకున్నట్టే పిల్లను కాళ్ల మధ్య గాడిలో వెల్లకిలా పండబెట్టింది. ఛాతీ మీద ఏ గుడ్డా లేదు, ఎక్కడా ఏదీ తగలదు. అరికాళ్లను బొటనవేళ్లతో మెల్లగా రాస్తూ కాళ్లను అటూ ఇటూ ఊపింది. పాట కూడా పాడలేదు. పిల్ల రెండుమూడుసార్లు వెక్కి, రెప్పలు బరువెక్కి నిద్రలోకి జారింది.

ఎత్తితే లేస్తుంది. అది ముగ్గురికీ తెలుసు. గుర్వయ్య పరుగున వెళ్లి డాక్టరుకు చెప్పాడు. వైరు వరండా దాకా రాదు. బాలనర్సమ్మ కూర్చున్న చోటు నుంచే పిల్లను కదపకుండా చేతులతో నేలను నెట్టుకుంటూ, అంగుళం అంగుళం జరుగుతూ, గడప దాటి గదిలోకి వచ్చింది. బయట ఎవరో నవ్వారు. షరీఫా వాళ్ల నోరు మూయించింది. డాక్టరు బల్ల మీద నుంచి లేచి, బూట్లు విప్పి నేల మీద కూర్చున్నాడు.

గొట్టం కొసన జిగురు చల్లగా ఉంటుంది. తన గుప్పిట్లో పెట్టుకుని వెచ్చ చేశాడు.

"ఎక్కడెక్కడ పెట్టినవు పెద్దమ్మా? ఎక్కడ ముట్టొద్దో చెప్పు."

"గీ రొమ్ము కింద రెండు. గీ గుంటల ఒకటి. పైన ఎముక పక్కన నేను ముట్టలే సారు, ఆడ పెట్టుకో."

ఆ పై జాగా వేలెడంత ఉంటుంది. డాక్టరు అక్కడ గొట్టాన్ని ఈక వాల్చినట్టు ఆనించాడు. పిల్ల కనురెప్ప అదిరింది. బాలనర్సమ్మ అరికాలు రాయడం ఆపలేదు. తెర మీద నల్లటి బొమ్మలో ఏదో తెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. ఇంత చిన్న పిల్లలో అంత కష్టపడేది ఒకటి ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. డాక్టరు ఏదో మీట నొక్కితే బొమ్మలో ఎరుపూ నీలం రంగులు వచ్చాయి. ఆయన గొట్టాన్ని వెంట్రుకవాసి తిప్పుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. గోడ గడియారం రెండుకు ఆరు నిమిషాలు చూపిస్తోంది. పిల్ల మూలిగింది. రామమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ గదిలో ఊపిరి తీస్తున్నది పిల్ల ఒక్కతే.

"దొరికింది" అన్నాడు డాక్టరు.

అది మంచి మాటో చెడ్డ మాటో తెలియక ముగ్గురూ ఆయన ముఖం వైపు చూశారు. ఆయన గొట్టం తీయలేదు. బొమ్మను టేపులోకి ఎక్కించుకుని, ఇంకోసారి చూసుకుని, అప్పుడు తెర మీద సన్నటి రంగు గీతను చూపించాడు.

"కండ చెడిపోలేదు. నాళమే. గుండె నుంచి మంచి రక్తం పోయే గొట్టానికి ఉండాల్సింది, ఊపిరితిత్తులకు పోయే గొట్టానికి అతికి ఉన్నది. గుండెకే తిండి అందక ఆకలితో ఉన్నది. హైదరాబాదులో ఇంకో పరీక్ష చేసి ఖాయం చేసుకుంటాం, తర్వాత ఆపరేషన్. ఆలస్యం చేయొద్దు."

గుర్వయ్య గోడకు తల ఆనించి ఏడ్చాడు. రామమ్మ డాక్టరు కాళ్లు పట్టుకోబోతే ఆయన వెనక్కి జరిగాడు. బాలనర్సమ్మ మాత్రం కదల్లేదు. పిల్ల ఇంకా ఆమె కాళ్ల మీదే నిద్రపోతోంది.

"సారు, మరి పాలు తాగంగ ఎందుకు ఏడ్చింది?"

"పసిపిల్లకు పాలు తాగుడే బండ చాకిరి పెద్దమ్మా. అప్పుడే గుండెకు రక్తం ఎక్కువ కావాలె. అందకపోతే నొప్పి. పెద్దోళ్లకు గుండెపోటు వస్తే ఎట్లుంటదో అట్ల."

"పాలు తాగంగ చెమట పట్టేటోళ్లందరికి గిదేనా?"

డాక్టరు ఆమె అడుగుతున్నదేమిటో గ్రహించాడు. 

"ఇది శానా అరుదు. లక్షల మందిల ఒకరికి వస్తది. కానీ పాలు తాగితే చెమట, ఆయాసం వచ్చే పిల్లకు గుండెలనో ఊపిరితిత్తులల్లనో ఏదో ఒకటి ఉండొచ్చు. శానా వాటికి మందున్నది. నిప్పు దేనికీ మందు కాదు."

అంతలో కరెంటు పోయింది. చీకట్లో షరీఫా కిటికీ దుప్పట్లు విప్పుతుంటే బాలనర్సమ్మకు ఒకరి తర్వాత ఒకరుగా పిల్లలు గుర్తొచ్చారు. చెమట పట్టినవాళ్లు. డొక్కలు ఎగరేసినవాళ్లు. వాళ్లలో ఎందరు తర్వాత వీధిలో ఆడుకుంటూ కనిపించారో, ఎందరు కనిపించలేదో ఆమె ఎన్నడూ వెతకలేదు.

హైదరాబాదులో తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పోనిచ్చి, రంగు మందు వదిలి ఫొటోలు తీశారు. నూరుద్దీన్ చూసింది నిజమేనని తేలింది. ఖర్చు శిబిరం వాళ్లే భరించారు. ఆపరేషన్ రోజు ఆ తలుపు ముందు ముగ్గురూ ఏడు గంటలు కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బాలనర్సమ్మ కళ్లు మూసుకునేది. చెడ్డ కబురు ముందుగా కూతురి ముఖంలో చూడటం ఆమెకు ఇష్టం లేదు. చెడ్డ కబురు రాలేదు. నెల తిరిగేసరికి ఈదమ్మ చెమట పట్టకుండా, ఆగకుండా కడుపునిండా పాలు తాగింది.

ఇక ఊరి సంగతి చెప్పాలి. బస్సు దిగి పల్లెలోకి వచ్చేసరికి అక్కడ కథ వేరేగా తయారై ఉంది. పిల్ల హైదరాబాదు దాకా ప్రాణంతో పోయిందంటే బాలనర్సమ్మ చుర్కల వల్లనేనట! పట్నం డాక్టర్లే నోళ్లు వెళ్లబెట్టారట! ఆమె కాదంటుంటే పెద్దమనిషి గొప్పలు చెప్పుకోదు అని ఇంకా మెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో ముగ్గురు తల్లులు బిడ్డలను ఎత్తుకుని కూర్చున్నారు. ఒకామె పసుపు కొమ్ము కూడా వెంట తెచ్చింది.

 బాలనర్సమ్మకు తలుపు వేసుకుని లోపల ఉండిపోదామనిపించింది. కానీ వాకిట్లో పిల్ల ఒకటి దగ్గుతోంది. బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నేనింక పెట్ట. నేను పెట్టిన చుర్కల మీదనే ఆ సారు మిషన్ పెట్టలేకపోయిండు. పిల్ల నా వల్లనే సచ్చేది. పాలు తాగంగ చెమటొస్తే, ఆయాసమొస్తే, దేవరకొండ దవాఖానకు తీస్కపోండి. నల్గొండకు తీస్కపోండి. నాకాడికి మాత్రం రాకుండ్రి."

ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచారు. మూడో ఆమె లేవలేదు. ఆమె పక్క ఊరి బిక్షమ్మ. చంకలో ఉన్నది రెండో కొడుకు. మొదటివాడు మూడేళ్ల కింద, నాలుగో నెలలో పోయాడు.

"మా పెద్దోనికి గూడ పాలు తాగంగ చెమటే పట్టేది అత్తా" అంది బిక్షమ్మ. గొంతులో కోపం లేదు, తనలో తాను గుర్తు చేసుకుంటున్నట్టుగా అంది. "నువ్వు నాలుగు పెట్టినవు. మూడు పొద్దులు పండుకున్నడు, మల్ల లేవలే."

"యాదికున్నది బిడ్డా."

బిక్షమ్మ చంకలోని పిల్లవాడి తల నిమిరింది. తర్వాత తలెత్తి అడిగింది.

"ఆ పొద్దు నువ్వు దవాఖానకు పొమ్మంటే మేము పోయేటోళ్లమే గద అత్తా?"

బాలనర్సమ్మకు అబద్ధం చెప్పాలనిపించింది. ఆ రోగానికి మందు లేదని, ఎక్కడికి పోయినా వాడు దక్కేవాడు కాదని అనొచ్చు. వాడికి వచ్చింది ఏ రోగమో ఆమెకూ తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. కానీ బిక్షమ్మ అడిగింది రోగం గురించి కాదు.

"పోయేటోళ్లే బిడ్డా" అంది.